వృద్ధాప్యం శిక్ష కాదు

అశ్వారావుపేట చుట్టుపక్కల పామాయిల్ తోటల్లో గెలలు కోసిన చేతులు ఒకనాటికి వణకడం మొదలెడతాయి. పిల్లలు బతుకుదెరువు కోసం ఖమ్మానికో, హైదరాబాదుకో, గల్ఫ్ దేశాలకో వెళ్లిపోతారు. మస్జిద్ దాకా నడవలేని పెద్దాయన నోట అప్పుడొక మాట వస్తుంది: "ఇక నేనెవరికి పనికొస్తాను? అల్లాహ్ త్వరగా పిలుచుకుంటే బాగుండు."

సోదర సోదరీమణులారా! ఈ మాటలో రెండు బాధలున్నాయి. ఒంట్లో బలం పోయిందన్నది ఒకటి, ఇంట్లో విలువ పోయిందన్నది రెండోది.

మొదటి బాధకు సమాధానం

మనిషిని బలహీనుడిగా పుట్టించి, బలమిచ్చి, మళ్లీ బలహీనతను, నెరిసిన జుట్టును ఇచ్చేది తానేనని అల్లాహ్ 'రూమ్' సూరా 54వ ఆయతులో తెలిపాడు. అంటే వృద్ధాప్యం శిక్ష కాదు, సృష్టికర్త ఏర్పాటు. హజ్రత్ జకరియ్యా (అలై) తన ఎముకలు బలహీనమయ్యాయని, తల నెరిసిందని ప్రభువుకు మొరపెట్టుకున్నారు. అయినా ఆశ వదులుకోలేదు.

కష్టాలకు తాళలేక చావును కోరుకోవద్దని దైవప్రవక్త (స) వారించారు. తప్పనిసరైతే, బతుకు మేలైనంత కాలం బతికించమని, చావు మేలైనప్పుడు మరణమివ్వమని వేడుకోమన్నారు. దీర్ఘాయువు పొంది సత్కార్యాలు చేసేవాడే ఉత్తముడని కూడా సెలవిచ్చారు.

"నిలబడి నమాజు చేయలేకపోతున్నాను, ఉపవాసాలు పోతున్నాయి" అని కుమిలిపోయే పెద్దలెందరో! నిలబడలేనివారు కూర్చొని, కూర్చోలేనివారు పడుకొని నమాజు చేయవచ్చు. ఇక ఉపవాసం ఉండే శక్తి లేని వృద్ధులు రోజుకొక పేదవానికి అన్నం పెడితే చాలు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసిన ఆరాధనల పుణ్యం, జబ్బుపడి చేయలేనప్పుడు కూడా రాయబడుతుందని బుఖారీ హదీసు ద్వారా తెలుస్తోంది. ఇంతకు మించిన ఓదార్పు ఏముంటుంది?

రెండో బాధకు సమాధానం

ఇది పిల్లల చేతిలో ఉంది. 'బనీ ఇస్రాయీల్' సూరా 23వ ఆయతు తల్లిదండ్రుల ఎదుట విసుగుతో "ఉఫ్" అనడాన్ని కూడా నిషేధించింది. ముసలితనానికి చేరిన తల్లిదండ్రులు "మీ వద్ద" ఉంటే అని ఆ ఆయతులో ఉంది. అంటే వారి చోటు మన పక్కనే! నెలనెలా డబ్బు పంపితే బాధ్యత తీరిపోదు.

పోషించని పిల్లల నుంచి భరణం ఇప్పించడానికి మన దేశంలో 2007లో చట్టమే వచ్చింది. ట్రిబ్యునల్ భరణం ఇప్పించగలదు, ప్రేమగా ఒక మాట ఇప్పించలేదు.

కనుక ఈ రాత్రే అబ్బాజాన్ మంచం పక్కన కాసేపు కూర్చోండి. దూరాన ఉంటే ఫోన్ చేయండి. అమ్మాయి పెళ్లి విషయమో, ఇల్లు కట్టే విషయమో వారి సలహా అడగండి. "నేనింకా పనికొస్తున్నాను" అన్న తృప్తి వారి ముఖంలో కనబడుతుంది.

అల్లాహ్ మన పెద్దలను కరుణించుగాక! వారి సేవాభాగ్యాన్ని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.