కౌండిన్య అభయారణ్యం: ఏనుగులు ఎంచుకున్న అడవి

సాధారణంగా ఒక అడవిలో అరుదైన జంతువులున్నాయని గుర్తించి, ఆ తర్వాత దాన్ని అభయారణ్యంగా ప్రకటిస్తారు. కౌండిన్య పరిధిలోని కుప్పం, పలమనేరు అడవుల చరిత్ర ఇందుకు కాస్త భిన్నం. తరాల తరబడి ఏనుగు జాడ లేని ఈ కొండలకు ఏనుగులే తరలివచ్చాయి. ప్రభుత్వం వాటి వెనక వచ్చి హద్దులు గీసింది. ఈ ఒక్క విషయం పట్టుకుంటే కౌండిన్య గురించి పరీక్షలో ఏం అడిగినా జవాబు రాయవచ్చు. పర్యావరణం, ఆంధ్రప్రదేశ్ భూగోళం, వర్తమాన అంశాలు, మూడింటికీ పనికొచ్చే పాఠమిది.

ఉనికి, నైసర్గిక స్వరూపం

కౌండిన్య వన్యప్రాణి అభయారణ్యం చిత్తూరు జిల్లాలో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు సరిహద్దులు కలిసే ప్రాంతంలో ఉంది. విస్తీర్ణం 357.6 చదరపు కిలోమీటర్లు. కొండలు, లోతైన లోయలు, రాతి నేల ఇక్కడి లక్షణాలు.

కౌండిన్య, కైగల్ ఏర్లు ఈ అడవి గుండా పారతాయి. రెండూ పాలారుకు ఉపనదులు. అభయారణ్యానికి పేరు కౌండిన్య నది నుంచే వచ్చింది. ఈ నది కిందికి పారి తమిళనాడులోని గుడియాత్తం వైపు వెళుతుంది. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టిన పాలారు కుప్పం ప్రాంతం మీదుగా తమిళనాడు చేరుతుంది. ఏటికీ ఏనుగుకీ రాష్ట్రాల హద్దులు పట్టవు. అందుకే ఇక్కడి సంరక్షణ ఒక్క రాష్ట్రం చేతిలో తేలే వ్యవహారం కాదు.

చరిత్ర: ఏనుగుల రాక

సుమారు రెండు శతాబ్దాల పాటు ఈ అడవుల్లో ఏనుగులు లేవని చెబుతారు. 1980ల తొలి అర్ధభాగంలో తమిళనాడులోని హోసూరు, కర్ణాటకలోని బన్నేరుఘట్ట వైపు అడవుల నుంచి గుంపులు ఇటు రావడం మొదలైంది. కరవు, మేత కొరత, అడవులు ముక్కలు కావడం ఈ వలసకు ప్రధాన కారణాలు. వచ్చిన ఏనుగుల్లో కొన్ని ఇక్కడే స్థిరపడ్డాయి, పిల్లల్ని కన్నాయి. 1990 డిసెంబరులో ఈ ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించారు.

కేంద్రం 1992లో ప్రాజెక్ట్ ఎలిఫెంట్‌ను ప్రారంభించింది. ఆ క్రమంలో 2003లో 766 చదరపు కిలోమీటర్ల రాయల ఏనుగుల రిజర్వు ఏర్పడింది. కౌండిన్య అందులో భాగం. ఏనుగును జాతీయ వారసత్వ జంతువుగా 2010లో ప్రకటించారు.

వృక్ష, జంతు సంపద

ఇది దక్షిణ ఉష్ణమండల శుష్క ఆకురాల్చు అడవి. అక్కడక్కడా ముళ్ల పొదలు కనిపిస్తాయి. వెదురు, తుమ్మ జాతులు, మర్రి, రావి, శ్రీగంధం ముఖ్యమైన వృక్షాలు. వేసవిలో ఆకు రాలి, నీటి గుంటలు ఎండిపోవడం ఈ రకం అడవి స్వభావం. ఏనుగులు పొలాల వైపు ఎందుకు దిగుతాయో అర్థం చేసుకోవడానికి ఇదే తొలి ఆధారం.

ఏనుగుతో పాటు ఎలుగుబంటి, చిరుత, చుక్కల దుప్పి, కణితి, కొండగొర్రె, అడవిపంది, ముళ్లపంది, నక్క, దేవాంగపిల్ల, నక్షత్ర తాబేలు, అడవికోళ్లు ఇక్కడి జీవజాలంలో ఉన్నాయి. ఆసియా ఏనుగు ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో ‘అంతరించే ప్రమాదంలో ఉన్న’ జీవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటో షెడ్యూలు కింద దానికి అత్యున్నత రక్షణ ఉంది.

మనిషి–ఏనుగు సంఘర్షణ

మెయిన్స్ రాసేవారు ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన భాగమిది. పెద్ద ఏనుగుకు రోజుకు సుమారు 150 కిలోల మేత, వంద లీటర్లకు పైగా నీరు కావాలి. అడవి చుట్టూ పల్లెలు, పొలాలు అల్లుకుని ఉన్నాయి. చెరకు, వరి, రాగి, అరటి, మామిడి తోటలు అడవి అంచుదాకా వచ్చాయి. ఎండిన అడవి కన్నా పచ్చని చెరకు తోటలో తక్కువ శ్రమతో ఎక్కువ మేత దొరుకుతుంది. ఏడాదంతా కష్టపడిన రైతు మాత్రం ఒక్క రాత్రిలో పంట పోగొట్టుకుంటాడు. ప్రాణనష్టమూ జరిగింది. పొలాల చుట్టూ అక్రమంగా కట్టిన కరెంటు తీగలకు ఏనుగులు బలయ్యాయి. ఆ తీగ మనిషినీ వదలదు.

నివారణ చర్యలు, వాటి పరిమితులు:

• కందకాలు: రాతి నేలలో లోతుగా తవ్వడం కష్టం. వాగులు దాటే చోట్ల తెగిపోతాయి. వానలకు పూడిపోతాయి.

• సోలార్ కంచె: నిరంతరం మరమ్మతు చేయాలి. దంతాల గుండా విద్యుత్తు ప్రవహించదు కాబట్టి మగ ఏనుగులు వాటితో తీగను తెంపేస్తాయి. చెట్లను కంచెపై తోసేస్తాయి.

• ట్రాకర్లు: గుంపుల కదలికను గమనించి గ్రామాలను ముందే హెచ్చరిస్తారు. సమయానికి అందిన సమాచారమే చాలా ప్రాణాలను కాపాడుతుంది.

• కుంకీ ఏనుగులు: శిక్షణ పొందిన ఇవి, మావటీల సాయంతో అడవి ఏనుగులను తిరిగి అడవిలోకి మళ్లిస్తాయి. రామకుప్పం మండలం ననియాలలో కుంకీ శిబిరం ఉంది. 2025 మే 21న బెంగళూరులో కర్ణాటక ప్రభుత్వం కృష్ణ, అభిమన్యు, దేవ, రంజన్ అనే కుంకీలను ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది. పలమనేరు సమీపంలోని ముసలమడుగులో వీటికి శిబిరం ఏర్పాటు చేశారు.

విహార కేంద్రాలు

పలమనేరు–కుప్పం మార్గంలో, బైరెడ్డిపల్లె మండలంలో ఉన్న కైగల్ జలపాతాన్ని దుముకురాళ్ల జలపాతమనీ పిలుస్తారు. వానాకాలంలో సందర్శకుల రద్దీ ఎక్కువ. ప్లాస్టిక్ చెత్త, గాజు సీసాలు, పెద్ద శబ్దాలు ఇక్కడి జంతువులకు నేరుగా చేటు చేస్తాయి.

మదనపల్లె సమీపంలోని హార్స్‌లీ హిల్స్ ఈ ప్రాంతపు వేసవి విడిది. ఎత్తు 1,200 మీటర్లకు పైగా ఉంటుంది. బ్రిటిష్ కాలంలో కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యూ.డి. హార్స్‌లీ పేరు దీనికి స్థిరపడింది. అంతకుముందు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే బాలికను ఏనుగులు సాకాయని స్థానిక కథ. హార్స్‌లీ కాలం నాటి నీలగిరి వృక్షం ‘కల్యాణి’ ఇక్కడి ప్రత్యేకత. అరుదైన పసుపు గొంతు పిగిలిపిట్ట ఈ కొండపై కనిపిస్తుంది.

సినిమా చిత్రీకరణ, చట్టం

అభయారణ్యంలోకి ప్రవేశానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతినిచ్చే ప్రయోజనాలను వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని సెక్షన్ 28 పేర్కొంటుంది. 2022 సవరణతో ఫొటోగ్రఫీకి తోడు చిత్రీకరణనూ చేర్చారు. ఆవాసంలో మార్పు చేయకూడదు, ఆవాసానికీ వన్యప్రాణులకూ హాని కలగకూడదు అన్నది షరతు.

సినిమా అడవిని వాడుకునే తీరుకు పొరుగునే రెండు మంచి ఉదాహరణలున్నాయి. 1975లో విడుదలైన ‘షోలే’ను కర్ణాటకలోని రామనగర కొండల్లో తీశారు. అక్కడి రామదేవర బెట్టను 2012లో రాబందుల అభయారణ్యంగా ప్రకటించారు. తమిళనాడులోని ముదుమలైలో, తెప్పకాడు ఏనుగుల శిబిరంలో తీసిన ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ 2023లో ఆస్కార్ గెలుచుకుంది. మావటి దంపతుల బతుకు, ఏనుగు పిల్లల సంరక్షణ ప్రపంచానికి తెలిశాయి. అడవిని వట్టి నేపథ్యంగా వాడుకునే సినిమాకు, అడవి గోడు వినిపించే సినిమాకు తేడా ఇదే.

మాదిరి ప్రశ్నలు

1. కౌండిన్య, కైగల్ ఏ నదికి ఉపనదులు? జవాబు: పాలారు.

2. రాయల ఏనుగుల రిజర్వు ఏర్పడిన సంవత్సరం? జవాబు: 2003.

3. హార్స్‌లీ హిల్స్ పూర్వనామం? జవాబు: ఏనుగు మల్లమ్మ కొండ.

4. మెయిన్స్: కౌండిన్య ప్రాంతంలో మనిషి–ఏనుగు సంఘర్షణకు కారణాలను విశ్లేషించి, పరిష్కారాలు సూచించండి.

జవాబు రాసే తీరు

నాలుగో ప్రశ్నకు కందకాలు, కంచెల జాబితా ఒక్కటే సరిపోదు. మూడు రాష్ట్రాల ఉమ్మడి ప్రణాళిక, ఏనుగుల దారుల రక్షణ, అడవి లోపల నీరు–మేత పెంపు, రైతుకు జాప్యం లేని పరిహారం, ఈ నాలుగూ తప్పక రాయండి. పంట పోయిన రైతును ఆదుకోకుండా ఏనుగును కాపాడలేం. ఏనుగు దారి మూసేసి రైతునూ కాపాడలేం. మీలో కొందరు రేపు అటవీ, రెవెన్యూ శాఖల్లో కొలువు చేస్తారు. పరీక్షలో రాసిన ఈ మాటను ఉద్యోగంలోనూ నిలబెట్టుకోండి.