పాల పుస్తకమే పాఠ్యపుస్తకం: సంఘాలలో కార్యాచరణ పరిశోధన

పాల కేంద్రంలో రెండు పూటలా సభ్యుని నంబరు, లీటర్లు, వెన్న శాతం రాసుకుంటాము. పుస్తకంలో రాసినా, కంప్యూటరులో ఎక్కించినా ఇదే మన సంఘపు సమాచార వ్యవస్థ. అయితే ఈ అంకెలు పైకి వెళ్ళడమే గాని, రాసినవారికీ పాలు పోసినవారికీ తిరిగి ఉపయోగపడడం తక్కువ.

ఈ లోటు చిన్నది కాదు. రోజుకు 5 లీటర్ల గేదె పాలు పోసే సభ్యురాలికి వెన్న అర శాతం తక్కువగా నమోదైతే, రోజుకు సుమారు 26 గ్రాములు, నెలకు ముప్పాతిక కిలోకు పైగా వెన్న ధర ఆమె నష్టపోతుంది.

పద్ధతి ఏమిటి?

పరిస్థితిని మార్చే పని చేస్తూ, ఆ పని నుండే విషయాన్ని తెలుసుకోవడం కార్యాచరణ పరిశోధన. కర్ట్ లెవిన్ 1946లో దీనిని వివరించారు. 1978లో సస్మన్, ఎవరెడ్ అనే పండితులు దీనిని ఐదు మెట్ల చక్రంగా చూపారు. ఇందులో పరిశోధకుడు బయట నిలబడి చూడడు; పని చేసేవారే అతనితో కలిసి పరిశోధిస్తారు.

కుప్పం అనుభవం

దక్షిణాఫ్రికాలో మొదలై, ఓస్లో విశ్వవిద్యాలయం తోడ్పాటుతో సాగిన ఆరోగ్య సమాచార కార్యక్రమం 2000 ప్రాంతంలో చిత్తూరు జిల్లా కుప్పంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చింది. వివిధ దేశాల అనుభవాన్ని పరిశీలించి బ్రా, మాంటీరో, సహాయ్ 2004లో ఒక ముఖ్య విషయం చెప్పారు. ఒక్కచోట చేసిన మార్పు ఒంటరిగా నిలవదు. పలు చోట్ల పనిచేసేవారు ఒకరి నుండి ఒకరు నేర్చుకుంటేనే అది నిలుస్తుంది.

మన సంఘంలో ఐదు మెట్లు

1. గుర్తించడం: "వెన్న తక్కువ వేస్తున్నారు" అన్న ఫిర్యాదును కొట్టివేయవద్దు. సభ్యుల లెక్కల ప్రకారం వచ్చిన మొత్తం వెన్నను, డెయిరీ రసీదులోని వెన్నతో పక్షం రోజులు పోల్చండి.

2. ఆలోచించడం: సభ్యులు, టెస్టరు, కార్యదర్శి కలిసి కూర్చోండి. పాలు నిలవ ఉంటే వెన్న పైకి తేలుతుంది. కలపకుండా అడుగు నుండి తీసిన శాంపిల్ తక్కువ చూపుతుంది. సీసా నంబర్లు తారుమారు కావడమూ కారణం కావచ్చు.

3. చేయడం: ఒకసారి ఒకే మార్పు చేయండి. ఉదాహరణకు, పాలు బాగా కలిపి, సభ్యుల ఎదుటనే శాంపిల్ తీయండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

4. బేరీజు వేయడం: మళ్ళీ పక్షం రోజులు పోల్చండి. డెల్టాలో పిల్లిపెసర మేసే రోజుల లెక్కను ఎండుగడ్డి రోజుల లెక్కతో పోల్చరాదు. మేత మారితే వెన్న కూడా మారుతుంది.

5. నేర్చుకున్నది రాయడం: ఫలితాన్ని, అది మంచిదైనా కాకపోయినా, తీర్మానాల పుస్తకంలో రాసి పొరుగు సంఘానికి చెప్పండి. తేడా ఇంకా మిగిలి ఉంటే మొదటి మెట్టు నుండి మళ్ళీ మొదలుపెట్టండి.

యంత్రం వచ్చినంత మాత్రాన ఈ పని తప్పదు. సరిగా తీయని శాంపిల్‌కు యంత్రమూ తప్పు అంకే చూపుతుంది.

కమిటీలో చర్చించండి

గత నెలలో మన పుస్తకంలోని ఏ అంకె వల్ల ఏ నిర్ణయం మారింది? ఎవరూ వాడని అంకెలు ఏవి? సభ్యురాలు తన లెక్కను తానే సరిచూసుకోగలదా?