అంతర్జాలానికీ ఒక నీరుగంటి

మహానంది కోనేటి ఊట ఏడాది పొడుగునా పారుతుంది. గుడి దాటిన నీరు చుట్టుపక్కల పొలాలకు చేరుతుంది. నీటిని వంతులవారీగా పంచడానికి వెనుక మన రాయలసీమ చెరువుల కింద నీరుగంటి ఉండేవాడు. నీరు అతని సొత్తు కాదు. ఏ మడికి ఎప్పుడు మడవ తిప్పాలో చూడడమే అతని పని. అందుకు రైతులు కళ్ళంలో గింజలు కొలిచి ఇచ్చేవారు.

అంతర్జాలంలోనూ అటువంటి పంపకమే ఉంది. దానికి నేరుగా కలిపిన ప్రతి యంత్రానికీ ఐపీ చిరునామా అనే సంఖ్య కావాలి. ఒకే సంఖ్యను ఇద్దరికి ఇస్తే? మీకు రావలసిన ఉత్తరం మరొకరికి పోతుంది! అందుకే ఏ సంఖ్య ఎవరిదో రాసి ఉంచే రిజిస్ట్రీలు ఏర్పడ్డాయి. మన ఆసియా, పసిఫిక్ ప్రాంతపు రిజిస్ట్రీ పేరు ఏప్నిక్. ఇది 1993లో మొదలైంది, ఇప్పుడు ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఉంది. దాని కింద మన దేశంలో 2012 నుండి ఐరిన్ పనిచేస్తున్నది. ఇది 2003లో ఏర్పడిన నిక్సి అనే లాభాపేక్ష లేని కంపెనీలో ఒక భాగం.

రిజిస్ట్రీ హద్దు సంఖ్యల నమోదు వరకే. ఆ దారిన సినిమా పోతుందా, పాఠం పోతుందా అన్నది దానికి పట్టదు.

పాత పద్ధతి సంఖ్యలు మొత్తం సుమారు 430 కోట్లు. 2011 ఏప్రిల్ 15న ఏప్నిక్ నిల్వ చివరి గుత్తికి వచ్చింది. కరువు వచ్చిందన్నమాట! అప్పుడు ఆ గుత్తి నుండి ఎంత పెద్ద కంపెనీకైనా 1024 సంఖ్యలకు మించి ఇవ్వలేదు. 2019లో దానిని 512కు తగ్గించారు. రేపు వచ్చే చిన్నవాడికి కొంత మిగలాలి కదా!

లాభాపేక్ష లేదంటే ఉచితమని కాదు. పుస్తకం నడపడానికి జీతాలు, యంత్రాలు కావాలి. 2021లో ఆఫ్రికా రిజిస్ట్రీకి సంఖ్యల విషయమై ఒక సభ్యునితో తగాదా వచ్చింది. మారిషస్ కోర్టు దాని బ్యాంకు ఖాతాలను కొంతకాలం స్తంభింపజేసింది. పుస్తకం రాసేవాళ్ళకు జీతమెలా?

ఇక రుసుము. 2010 నుండి ఏప్నిక్ చాలా ఏళ్ళు వాడిన సూత్రంలో సంఖ్యలు రెట్టింపైతే రుసుము 30 శాతమే పెరుగుతుంది. 256 సంఖ్యలకు 100 రూపాయలనుకోండి. 512కు 130, 1024కు 169. ఇలా 65,536 వరకు మీరే గుణించండి. సుమారు 816 వస్తుంది. సంఖ్యలు 256 రెట్లు, రుసుము 8 రెట్లే! నమోదుకు పట్టే శ్రమ 256 రెట్లు పెరగదు కనుక ఇది సబబే. కాని ఒక్కొక్క సంఖ్యకు లెక్కగడితే చిన్నవాడిపై బరువు ఎక్కువే అని నాకు తోస్తుంది. మీరేమంటారు?