గాయపడిన కార్మికునికి అప్పీలులో ఉచిత న్యాయవాది

కల్లావి నుండి హోసూరు కర్మాగారానికి పనికి వెళ్లిన ఒక కార్మికుడు యంత్రంలో చేతివేళ్లు కోల్పోయాడనుకుందాం. పరిహార కమిషనర్ అతని నష్టాన్ని తక్కువగా లెక్కగట్టి ఉత్తర్వు ఇచ్చారు. దానిపై అప్పీలు మద్రాసు హైకోర్టులోనే వేయాలి. చెన్నై న్యాయవాది రుసుమును తలచుకొని ఇక్కడే ఆగిపోయేవారున్నారు.

ఆగవలసిన అవసరం లేదు. న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987 లోని 12వ సెక్షన్ పారిశ్రామిక కార్మికులను ఉచిత న్యాయ సహాయానికి అర్హులుగా పేర్కొన్నది. వారికి ఆదాయ పరిమితి లేదు. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, వికలాంగులకు కూడా ఇదే వర్తిస్తుంది. కోర్టు రుసుము, ధ్రువీకృత నకళ్లు, పత్రాల అనువాదం ఈ సహాయంలో భాగమే. తమిళ పత్రాలు చదవలేని తెలుగువారికి ఈ చివరిది చిన్న విషయం కాదు.

దరఖాస్తును తాలూకా న్యాయ సేవల కమిటీలో గాని, కృష్ణగిరి జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో గాని ఇవ్వవచ్చు. అప్పీలుకు న్యాయవాదిని నియమించేది హైకోర్టు న్యాయ సేవల కమిటీ. సమాచారానికి 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

గడువు 60 రోజులు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని కోర్టు మన్నించవచ్చు; దానిని నమ్ముకొని కూర్చోవడం మాత్రం ప్రమాదకరం. 2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్ అమలులోకి వచ్చినందున, ప్రమాదం జరిగిన తేదీని దరఖాస్తులో స్పష్టంగా రాయాలి. ఈఎస్ఐ వర్తించే కార్మికుల దారి వేరు. ఆ కార్డు ఉంటే మొదటే చెప్పాలి.

హైకోర్టు సాక్ష్యాన్ని మళ్లీ మొదటి నుండి విచారించదు. ముఖ్యమైన న్యాయాంశం ఉన్నప్పుడే అప్పీలును స్వీకరిస్తుంది. అటువంటి అంశం ఎలా ఉంటుందో ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసు చూపుతుంది. 1968లో పనిలో పడిపోయిన ఒక వడ్రంగికి ఎడమచేయి తీసివేయవలసి వచ్చింది. అది పాక్షిక వైకల్యమేనని యజమాని వాదించాడు. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు గనుక అతనిది సంపూర్ణ వైకల్యమేనన్న కమిషనర్ నిర్ణయాన్ని సుప్రీంకోర్టు 1975లో సమర్థించింది. కనుక న్యాయవాదికి గాయం శాతంతో పాటు, ప్రమాదానికి ముందు చేసిన పని ఏమిటో, అందులో ఇప్పుడు చేయలేనిది ఏమిటో వివరంగా చెప్పాలి.

యజమానియే అప్పీలుకు వెళ్లినా కార్మికుడు ఉచిత న్యాయవాదిని కోరవచ్చు. 1923 నాటి పరిహార చట్టం కింద యజమాని ముందుగా ఆ సొమ్మును కమిషనర్ వద్ద జమ చేయాలి. చేశారో లేదో న్యాయవాది ద్వారా మొదటే తెలుసుకోవాలి.