ఉద్యోగం పోతే ఇ.ఎస్‌.ఐ. నుండి భృతి

మన హాస్టల్‌లో చదివి ఫార్మా కంపెనీల్లో, సెక్యూరిటీ ఏజెన్సీల్లో, షోరూముల్లో చేరిన మిత్రులు చాలామంది ఉన్నారు. జీతం చీటీలో ఇ.ఎస్‌.ఐ. కింద కొంత కోత పడుతుంది. 2019 జూలై నుండి అది మన వంతు 0.75 శాతం, యజమాని వంతు 3.25 శాతం. అంటే రూ. 15,000 జీతానికి మన కోత సుమారు రూ. 113. ఇది ఆసుపత్రి ఖర్చుకేనని అందరం అనుకుంటాము. కానీ ఉద్యోగం పోయినవారికి కూడా ఇందులోంచి భృతి ఇచ్చే పథకం 2018 జూలై 1న మొదలైంది. పేరు అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన.

మొదట సగటు రోజు సంపాదనలో 25 శాతమే ఇచ్చేవారు. కరోనా వచ్చాక 2020లో దానిని 50 శాతం చేశారు. గరిష్ఠంగా 90 రోజులు, జీవితంలో ఒక్కసారే. రోజుకు సగటున రూ. 500 సంపాదించినవారికి 250 చొప్పున మొత్తం రూ. 22,500 వస్తుంది. పెద్ద మొత్తమేమీ కాదు. అయినా రూము అద్దె, మెస్ బిల్లు గడిచి, ఊరికి తిరిగిపోకుండా మరో పని వెతుక్కోవచ్చు.

అర్హత సంగతి జాగ్రత్తగా చదవండి. ఉద్యోగం పోయేనాటికి కనీసం రెండేళ్లు ఇ.ఎస్‌.ఐ.లో ఉండాలి. ఏప్రిల్–సెప్టెంబరు ఒక చందా కాలం, అక్టోబరు–మార్చి మరొకటి. పని పోవడానికి ముందు కాలంలో 78 రోజులు, ఆ రెండేళ్లలో మిగిలిన మూడు కాలాల్లో ఏదో ఒకదానిలో 78 రోజులు చందా కట్టి ఉండాలి. దుష్ప్రవర్తనకు శిక్షగా తీసేసినా, స్వచ్ఛందంగా విరమించినా రాదు. అందుకే, "ఇక్కడ సంతకం పెట్టు బాబూ, లెక్క సెటిల్ చేస్తాం" అని కాగితం చాపితే చదవకుండా సంతకం పెట్టవద్దు. "నా ఇష్టంతో మానేస్తున్నాను" అని అందులో రాసి ఉంటే తరువాత మనమే సంజాయిషీ చెప్పుకోవాలి.

పని పోయిన 30 రోజుల తరువాత దరఖాస్తు చేయవచ్చు. పాత యజమాని చుట్టూ తిరగనక్కరలేదు. ఇ.ఎస్‌.ఐ. పోర్టల్‌లో నింపి, ఆధార్ నకలు, బ్యాంకు వివరాలు బ్రాంచి ఆఫీసులో ఇవ్వాలి. సొమ్ము నేరుగా ఖాతాలో పడుతుంది. పథకం గడువును విడతలవారీగా పొడిగిస్తూ వచ్చారు గనుక ముందుగా ఆఫీసులో కనుక్కోండి.

ఈలోగా 2015లో కేంద్రం ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీస్‌లో పేరు నమోదు చేసుకోండి, అది ఉచితం. ఉద్యోగం ఇప్పిస్తామని డిపాజిట్ అడిగేవారికి రూపాయి కూడా ఇవ్వకండి. అనుభవ పత్రం, చివరి మూడు నెలల జీతం చీటీలు దగ్గర ఉంచుకోండి. కొత్త కంపెనీలో చేరాక పాత ఇ.ఎస్‌.ఐ. నంబరునే ఇవ్వండి.