పాత రేడియోపెట్టెను తిరిగి పలికించుట



ఓరుగల్లు చుట్టుపట్ల గ్రామములలో అటకలమీదను, ధాన్యపు గదుల మూలలందును కఱ్ఱపెట్టె రేడియోలు కొన్ని ఇంకను మిగిలియున్నవి. 1935లో నిజాం ప్రభుత్వము చేపట్టిన దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసినది. విజయవాడ కేంద్రము అంతకు ముందే, 1948 డిసెంబరు 1న ప్రారంభమైనది. వార్తలును, వ్యవసాయదారుల కార్యక్రమములును ఆ పెట్టెల ద్వారానే మన పల్లెలకు చేరెను. తపాలాఫీసులో రుసుము కట్టి రేడియో లైసెన్సు తెచ్చుకొనిన పెద్దలు నేటికిని ఉన్నారు. ఆ లైసెన్సు 1980ల నడుమ ఎత్తివేయబడినది. సెషెల్సు దీవులనుండి ఫీబా రేడియో 1970 మొదలు 2003 వరకు షార్టువేవుపై పంపిన వాక్యప్రసంగములను రాత్రివేళ చెవి ఆనించి వినిన గృహములును కలవు.

అట్టి పెట్టె ఒకటి దొరికినయెడల దుమ్ము దులిపి, వెంటనే ప్లగ్గు పెట్టి చూడవలెనని మనకు ఆత్రము కలుగును. అది ఎంతమాత్రము చేయరాదు. పెట్టె పాడగుట ఒక నష్టమే. గాని ప్రాణహాని అంతకంటె గొప్పది కదా. కాబట్టి మొదట ఇది ఏ జాతి సెట్టో తెలిసికొనవలెను.

వాల్వు రేడియోలలో రెండు జాతులు గలవు. ఒకటి ఏసీ సెట్టు. దీనిలో బరువైన ట్రాన్స్‌ఫార్మరు ఉండి, ఇంటి కరెంటునకును లోపలి ఇనుపతట్టకును మధ్య అడ్డుగా నిలుచును. రెండవది ఏసీ–డీసీ సెట్టు. పూర్వము కొన్ని పట్టణములలో డీసీ కరెంటు ఇచ్చుచుండిరి గనుక రెండింటికిని పనికివచ్చునట్లు, చౌకగా నుండునట్లు, ట్రాన్స్‌ఫార్మరు లేకుండ దీనిని చేసిరి. ఇందులో అనేకముగా కరెంటు తీగలలో ఒకటి తిన్నగా ఇనుపతట్టకే అతుకబడియుండును. ప్లగ్గు తిరుగబడెనా, తట్ట అంతయు ఫేజు అగును! పైన కఱ్ఱయు, బేకలైటు మరలును ఉన్నంతవరకు ఆ సంగతి తెలియదు. ఒక మర ఊడిపోయి ఇనుపకడ్డీ బయటికి వచ్చియుండగా పసిపిల్లవాడు దానిని పట్టుకొనినయెడల ఏమగునో చెప్పనక్కరలేదు.

గుర్తుపట్టుట కష్టము కాదు. ఫిలిప్స్ పద్ధతి పేర్లుగల వాల్వులపై మొదటి అక్షరము చూడుడి. ఈసీహెచ్ 81 వలె ‘ఈ’తో మొదలైనచో అది 6.3 వోల్టుల వాల్వు. సాధారణముగా ట్రాన్స్‌ఫార్మరు సెట్టు. యూసీహెచ్ 81, యూసీఎల్ 82 వలె ‘యూ’తో మొదలైనచో ఏసీ–డీసీ సెట్టు. వీటి వేడితీగలు క్రిస్మసు సీరియల్ దీపములవలె ఒకదాని వెనుక ఒకటి గొలుసుగా నుండును. ఒకటి తెగిన అన్నియు ఆరిపోవును. అట్టి సెట్టును 230 వోల్టులనుండి 230 వోల్టులకే మార్చు ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు లేకుండ విప్పి బాగుచేయ పూనుకొనకుడి. ఈ మాట భయపెట్టుటకు కాదు, లెక్కగట్టి చెప్పుచున్నాను.

ఇక పరీక్ష. 60 లేక 100 వాట్ల పాత తీగబల్బును ఫేజు తీగలో సిరీసుగా పెట్టి, దాని ద్వారా సెట్టుకు కరెంటు ఇయ్యవలెను. ఎల్ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు. బల్బు మందముగా వెలిగినయెడల నిరీక్షణ కలదు. పూర్తి కాంతితో వెలుగుచునే యున్నచో లోపల షార్టు ఉన్నది. బల్బు ఆ భారము తాను మోసి ట్రాన్స్‌ఫార్మరును కాపాడినది. కట్టివేసిన తరువాతను కండెన్సర్లలో 200 వోల్టులకు పైగా నిలిచియుండవచ్చును గనుక, రెసిస్టరు ద్వారా దానిని దింపి, మీటరుతో చూచి, ఆ పిమ్మటనే చేయి పెట్టవలెను.

వాల్వులు పోయినవని అందరును వాటినే నిందింతురు. నిజమునకు ముందుగా చెడునవి కండెన్సర్లు. మైనపు కాగితముతో చుట్టినవి మన వానకాలపు తేమకు కారుట మొదలిడును. వీటిలో ఔట్‌పుట్ వాల్వు గ్రిడ్డునకు ముందున్న చిన్నదానిని, సాధారణముగా 0.01 లేక 0.02 మైక్రోఫారడుదానిని, పరీక్షింపకయే మార్చుడి. అది కారినచో గ్రిడ్డుమీదికి పాజిటివ్ వోల్టేజి వచ్చి, వాల్వు మితిమీరి కాగి, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరును కూడ కాల్చును. కొన్ని రూపాయల సరకు వలన దొరకని సరకు పాడగును. 630 వోల్టుల ఫిల్ము కండెన్సరు వేసిన చాలును. ‘హుమ్’ అను మ్రోత వచ్చుచున్నచో పెద్ద ఎలక్ట్రోలిటిక్ డబ్బాలు ఎండినవన్న మాట. 32కు బదులు 33 మైక్రోఫారడులు, 400 లేక 450 వోల్టులది వేయవచ్చును. ఎక్కువైతే మంచిదని 100 వేయకుడి. ఈజెడ్ 80 వంటి రెక్టిఫయరు వాల్వు 50కి మించి సహింపదు. ఈ సరకు హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీ దుకాణములలో దొరకును.

వెనుకనున్న వోల్టేజి బిళ్లను 240 చోట ఉంచుడి. ఎలుకలు కొరికిన గుడ్డతీగను తీసివేసి, ఫ్యూజు పెట్టుడి. ఏసీ సెట్టుకైతే మూడు పిన్నుల తీగ వేసి తట్టను ఎర్తుకు కలుపుడి. ఏసీ–డీసీ తట్టకు మాత్రము ఎర్తు తిన్నగా కలుపరాదు.

కొందరు లోపలి సామానంతయు పెరికి, ఆ కఱ్ఱపెట్టెలో ఎఫ్ఎమ్, బ్లూటూత్ బోర్డు బిగించుచున్నారు. అది బాగుచేయుట కాదు, పెట్టెను మిగిల్చి రేడియోను పారవేయుట. పాత సెట్టు ఎఫ్ఎమ్‌ను పట్టలేదు, నిజమే. గాని అనేక సెట్ల వెనుక గ్రామఫోనుకై రెండు రంధ్రములు ఉండును. ట్రాన్స్‌ఫార్మరు సెట్టైనచో సెల్‌ఫోను పాటలను వాటి ద్వారా వినవచ్చును. ఏసీ–డీసీ సెట్టుకు ఎన్నడును అట్లు తగిలింపకుడి. ఫోను పట్టుకొనిన చేతికే కరెంటు తగులును.

ఏరియలుకు పది మీటర్ల తీగను ఇంటికి దూరముగా, కరెంటు తీగలకు తగులకుండ కట్టుడి. నేటి ఎల్ఈడీ దీపములును, ఫోను చార్జర్లును చేయు గరగర ధ్వని ఆనాటి ఇండ్లలో లేదు. వాటిని ఆర్పి వినుడి. ఉరుములు వచ్చునప్పుడు తీగను ఊడదీయుడి. అద్దముమీద కిలోహెర్ట్జులకు బదులు మీటర్లు ఉన్నయెడల 3,00,000ను కిలోహెర్ట్జులతో భాగింపుడి: హైదరాబాదు కేంద్రపు 738కి సుమారు 406 మీటర్లు, విజయవాడ 837కి 358.

తీసిన పాత భాగములను ఒక సంచిలో వేసి, ఏది ఎక్కడిదో చీటీ వ్రాసి, పెట్టెలోపలనే ఒక మూల కట్టియుంచుడి. తరువాత దానిని విప్పువానికి పనికివచ్చును.