మీ సాక్ష్యం పక్కింటివాళ్లు చెప్పాలి

ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు ‘సాక్ష్యాలు చెప్పండి’ అనగానే లేచేవాళ్లకు మన సంఘాల్లో కొదవ లేదు. జబ్బు నయమైంది, ఉద్యోగం దొరికింది, అమ్మాయి పెళ్లి కుదిరింది. దేవుడు చేసిన మేలు చెప్పుకోవాల్సిందే. అయితే మైకులో మనం చెప్పుకోలేని సాక్ష్యం ఇంకొకటుంది. దాన్ని మనకు అప్పిచ్చిన షావుకారు చెప్పాలి. మన చేలో ఊడ్పులకు వచ్చిన ఆడకూలీలు చెప్పాలి. గట్టు అవతలి రైతు చెప్పాలి. వాళ్లలో చాలామంది చర్చి గడప తొక్కి ఉండరు. అందుకే వాళ్ల మాటకు విలువ.

గోదావరి జిల్లాల్లో దీనికి కాటన్ దొరను మించిన ఉదాహరణ లేదు. సర్ ఆర్థర్ కాటన్ భక్తిగల క్రైస్తవుడు. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలైంది. మరుసటి ఏడాదే ఆయన ఆరోగ్యం చెడి, పనిని కెప్టెన్ ఓర్‌కు అప్పగించి వెళ్లాల్సి వచ్చింది. కోలుకుని మళ్లీ వచ్చారు. 1852కు ఆనకట్ట పూర్తయింది. ఈరోజు డెల్టా ఊళ్లలో ఆయన విగ్రహానికి దండ వేసేవాళ్లలో ఎక్కువమంది హిందువులే. ఆయన ఏ సంఘస్థుడో, ఎలా ప్రార్థించేవారో వాళ్లు అడగరు. కాలువలో నీళ్లొచ్చాయి, చేను పండింది, అది చాలు. మనం ఆనకట్టలు కట్టక్కర్లేదు. మన వల్ల పక్కవాడికి మేలు జరిగిందా, కీడు జరిగిందా అన్న లెక్క మాత్రం తప్పదు. ఆ లెక్క సరిచూసుకునే దారులు ఇవి.

1. కాటా దగ్గర మొదలుపెట్టండి

పవిత్రత అంటే తెల్లబట్టలు, మూసిన కళ్లు అనుకుంటాం. భీమవరం వైపు రొయ్యల చెరువు పట్టుబడి చేసే రోజున చూడండి, దాని సంగతి తేలిపోతుంది. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంట్. కౌంట్ పెరిగేకొద్దీ ధర పడిపోతుంది. శాంపిల్ తీసేటప్పుడు చిన్నవి ఏరి వేస్తే రైతు మునుగుతాడు, పెద్దవి ఏరి వేస్తే కొన్నవాడు మునుగుతాడు. ఆ చెయ్యి విశ్వాసిదైతే, ఆ పూటకు ఆ గుప్పెడు రొయ్యలే అతని ప్రసంగం. ధాన్యం దగ్గరా ఇంతే. తేమ 17 శాతం దాటితే పేచీ వస్తుందని తడి బస్తాలు అడుగున సర్దడం, తరుగు పేరు చెప్పి రెండు కిలోలు ఎక్కువ లాగడం, రెండూ దొంగతనాలే.

జక్కయ్య మారుమనస్సు పొందినరోజు ముందుగా లెక్కలు సరిచేసుకున్నాడు. అన్యాయంగా గుంజినదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. మీరూ ఒక నోటుబుక్కు తియ్యండి. ఎవరికి ఎంత ఇవ్వాలో రాయండి. పాడుకున్న చీటీకి కట్టాల్సిన వాయిదా, కౌలు బకాయి, నిలబెట్టిన కూలి అన్నీ అందులోకి రావాలి. కూలి ఎగ్గొట్టి కానుక పెట్టెలో వేసిన నోటు దేవుడికి అక్కర్లేదు.

2. భోగికి ముందే తేల్చుకోండి

మన ప్రాంతంలో భోగి నుంచి కనుమ దాకా మూడు రోజులూ విశ్వాసికి పరీక్షే. కోడిపందేల బరి చుట్టూ జనం, పక్కన గుండాట, ఆ పక్కన మందు. ‘ఊరికే చూసొచ్చేద్దాం’ అని బయల్దేరినవాడు మధ్యాహ్నానికి పై పందెం కాస్తాడు. సాయంత్రానికి బండి తాకట్టుకు వెళ్తుంది. బరి దగ్గర నిలబడి మనసు గట్టిచేసుకుందామంటే కుదరదు. రాజు భోజనంతో తనను అపవిత్రపరచుకోకూడదని దానియేలు ముందే నిశ్చయించుకున్నాడు. అందుకే నిలబడగలిగాడు.

మీరూ పండగకు వారం ముందే ఇంట్లో చెప్పేయండి. ఆ మూడు రోజులు ఎక్కడ ఉంటారో, పిల్లలతో ఏం చేస్తారో ముందే అనుకోండి. స్నేహితుడు పిలిస్తే ప్రసంగం మొదలుపెట్టకండి. ‘నేను రాను బావా, సాయంత్రం భోజనానికి నువ్వే మా ఇంటికి రా’ అంటే సరిపోతుంది.

3. రోజూ కాసేపు కనిపెట్టండి

రాజమండ్రి దగ్గర జేగురుపాడులో పుట్టిన ముంగమూరి దేవదాసు అయ్యగారు 1938లో బైబిలు మిషను స్థాపించారు. దేవుని సన్నిధిలో మౌనంగా కనిపెట్టడం ఆయన విశ్వాసులకు నేర్పిన అలవాటు. మన ప్రార్థనలు మాత్రం ఎక్కువగా కోరికల చిట్టాలు. చెప్పాల్సింది చెప్పేసి ఆమేన్ అని లేచిపోతాం. డిసెంబరు 31 రాత్రి తీసుకున్న వాగ్దానం కార్డును బీరువాకు అంటించి, దాని పక్కనే మాట తప్పుతూ ఏడాది గడిపేస్తాం.

ఉదయం లేచాక ఫోను ముట్టుకోకముందే బైబిలు తెరవండి. కొద్దిసేపు ఏమీ అడగకుండా కూర్చోండి. నిన్న ఎవరిని నొప్పించాను? ఎక్కడ అబద్ధమాడాను? ఈరోజు ఎవరికి క్షమాపణ చెప్పాలి? జవాబు వచ్చిందా, టిఫిను కంటే ముందు ఆ పని చూడండి.

4. ఇంటివాళ్లకు లెక్క చెప్పండి

కోనసీమ నుంచి ఎందరో ఆడవాళ్లు కువైట్‌కో మస్కట్‌కో ఇంటిపనికి వెళ్లి నెలనెలా డబ్బు పంపుతున్నారు. అలా పంపే ఇల్లాలి భర్త విశ్వాసి అయితే, అతని పవిత్రతకు బ్యాంకు పుస్తకం చాలు. వచ్చింది ఎంత, అప్పుకు కట్టింది ఎంత, పిల్లల ఫీజుకు పోయింది ఎంత అన్నది అడక్కముందే ఆమెకు ఫోనులో చెప్పాలి. దూరాన ఉన్న మనిషికి దాపరికం లేకుండా బతకడం కూడా భక్తిలో భాగమే. కుటుంబ ప్రార్థనలో పెద్దగొంతుతో పాడి, గంట తర్వాత అదే గొంతుతో భార్యను తిడితే పిల్లలు రెండూ వింటారు.

ఇంటి దగ్గర కూటం పెడితే మైకు సౌండు కూడా చూసుకోండి. పక్కింట్లో ఇంటర్ పరీక్షలకు చదివే పిల్ల ఉంటుంది.

5. మేలును ఎరగా వాడకండి

1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చారు. ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్లను ఆగమన్నారు. తిండి కోసం అడుగుతున్నారో, విశ్వాసంతో అడుగుతున్నారో తేలాలన్నది ఆయన పట్టుదల. పక్కవాడికి సాయం చేసినప్పుడు ఇది గుర్తుంచుకోండి. ఆసుపత్రికి తోడు వెళ్లినందుకు అతను మీ కూటానికి రావాలని లేదు. రాకపోయినా రెండోసారి వెళ్లండి.

6. తొందరపడి మానేయకండి

1836లో ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ కుటుంబాలతో మన తీరానికి వచ్చారు. ఒకరు రాతిపని మేస్త్రీ, ఇంకొకరు చెప్పులు కుట్టేవారు. జీతం ఇంత అని ఇచ్చే సంఘమేదీ వెనక లేదు. నర్సాపురం, పాలకొల్లు ప్రాంతంలో ఏళ్ల తరబడి పనిచేసినా నమ్మి వచ్చినవాళ్లు మొదట్లో బహు తక్కువ. బీర్ 1853లో కన్నుమూశారు. బౌడెన్ మాత్రం 1876లో చనిపోయేదాకా పని వదల్లేదు.

ఇక లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్. రాజమండ్రి లూథరన్ మిషను వేరేవాళ్ల చేతికి వెళ్లిపోతుందని 1869లో విని, 76 ఏళ్ల వయసులో ‘నేను వెళ్తాను’ అని ఓడెక్కారు. ‘ఇప్పుడు మారి ఏం చేస్తాంలే’ అనే పెద్దలకు ఈ ఒక్క సంగతి చాలు.

ఈ వారానికి మూడు పనులు పెట్టుకోండి. నోటుబుక్కులో రాసుకున్న ఒక బాకీ తీర్చండి. మాట్లాడటం మానేసిన ఒకరింటికి మీరే వెళ్లి తప్పు ఒప్పుకోండి. మీ చర్చికి రాని ఒకరిని, ‘నా వల్ల మీకు ఏమైనా ఇబ్బంది ఉందా?’ అని అడగండి. జవాబు చేదుగా ఉంటే వాదించకండి. దాన్ని కూడా నోటుబుక్కులో రాసుకోండి, వచ్చే వారం పని అక్కణ్నుంచే మొదలవుతుంది.